రెండో గాలి దాకా

మొన్న మధ్యాహ్నం అన్నం కలుపుకుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకోబోతుంటే ఫోను గొంతు చించుకుంది. నాదొక్కటే కాదు, పక్కింటిదీ ఎదురింటిదీ, కింద జీడిపప్పు ఒలిచే ఆడవాళ్ళందరివీ. ఆ మోత వింటే సముద్రం కాశీబుగ్గ దాకా వచ్చేసిందనుకోవాలి. మెతుకులంటిన చేత్తోనే తీసి చూశాను. తుఫానట. మూడు రోజుల్లోనట. ఏ ఊళ్ళ మధ్య తీరం దాటుతుందో, గాలి ఎంత జోరుగా ఉంటుందో, ఏ పూటకి ఇళ్ళు ఖాళీ చెయ్యాలో అన్నీ రాశారు. ఇంత వివరంగా చెబితే మనిషన్నవాడు ఏం చెయ్యాలి? మా పక్కింటావిడ బాల్కనీలోంచి తొంగిచూసి, "ఈ మోత ఆపాలంటే ఎక్కడ నొక్కాలి మేడమ్?" అని అడిగింది. నొక్కే చోటు చూపించాను. థాంక్స్ చెప్పి సీరియల్ చూసుకోడానికి లోపలికి పోయింది. నాకు అన్నం సహించలేదు. ముప్ఫై ఏళ్ళు బళ్ళో పాఠాలు చెప్పినదాన్ని, వినని మొహాలు నాకు కొత్తేం కాదు, అయినా ఒళ్ళు మండింది.

ఆ సాయంత్రమే హారిక వచ్చింది. వాతావరణ శాఖలో పనిచేసే పిల్ల, ముప్ఫై దాటి ఉండవు. తుఫాను దాటే లోపల తీరం వెంబడి ఊరూరా తిరిగి ఏం చెయ్యాలో చెప్పడం ఆమె పని. నేను పుట్టిన ఊరు ఆ జాబితాలో ఉందనీ, నేను పక్కనుంటే జనం వింటారనీ ఎవరో ఆమెకి చెప్పారు. నా మాట విన్నవాళ్ళెవరో నాకైతే తెలీదు గానీ, ఆ పిల్ల మొహం చూసి కాదనలేకపోయాను. పొద్దున్నే జీపులో టెక్కలి మీదుగా, నౌపడ ఉప్పుమళ్ళు పక్కనుంచి, సంతబొమ్మాళి దాటి సముద్రం వైపు వెళ్ళాం. మా ఊరి తుఫాను షెల్టరులో సమావేశం. హారిక బాగా చెప్పింది. గోడ మీద బొమ్మలు వేసి చూపించింది. ఈసారి తుఫాను కన్ను మన మీంచే పోవచ్చు, అది పోతున్నంతసేపూ గాలి ఆగిపోయి ఎండ కాస్తుంది, అప్పుడు మాత్రం బయటికి రావద్దు, రెండో గాలి అవతలి దిక్కునించి వస్తుంది అని విడమరిచి చెప్పింది. జనం దున్నపోతు మీద వాన కురిసినట్టు కూర్చున్నారు. చివర్లో వెనక బల్ల మీంచి ఒకాయన లేచాడు. అరవైకి దగ్గర పడుతున్న మనిషి, భుజం మీద తువ్వాలు.

"అన్నీ బాగా సెప్పినావమ్మా. మరి కాయ మాటేటి?"

అందరూ నవ్వారు. కాయ అంటే మా వైపు కొబ్బరికాయే. హారిక నా వైపు చూసి, పంట నష్టం సంగతి అడుగుతున్నాడనుకుని, దానికి వ్యవసాయ శాఖ వాళ్ళొస్తారండి అంది. "అది కాదమ్మా," అని ఆయన తల అడ్డంగా ఊపి కూర్చున్నాడు. ప్రాణం మాట చెబుతుంటే కాయ మాట ఎత్తుతాడేమిటీ మనిషి అని నాకు ముందు చిర్రెత్తింది. ఆ తరవాత ఆయన ఏమడిగాడో అర్థమైంది. అర్థమయ్యాక ఇంక హారిక చెప్పేది నా చెవికెక్కలేదు.

మా మామ్మ, అంటే మా నాన్నని కన్నతల్లి, ఆ ఊళ్ళో కొబ్బరితోటల మనిషి. తాత పోయాక దింపులూ బేరాలూ తగువులూ అన్నీ ఆవిడే చూసుకునేది. మా నాన్న నౌపడలో రైల్వే ఉద్యోగం చేసుకుంటూ, ఇంటికొచ్చాక ఆవిడ చెప్పినదానికల్లా తలూపేవాడు. ఇంట్లో ఏడాది పొడుగునా ఎండుకొబ్బరి కమటు వాసన. పెరట్లో పీచు నానబెట్టిన గుంట కంపు వేరే. తెల్లారేసరికి వీటికి తోడు నూకాలప్ప తెచ్చే చేపల బుట్ట. నూకాలప్ప సముద్రం ఒడ్డు పేటలో ఉండేది. మొగుడు ఎర్రయ్య తెప్ప మీద వేటకెళ్ళేవాడు. చంకలో ఎప్పుడూ ఒక పిల్లాడు. ఆమె మా పెరటి మెట్టు మీద కూర్చుని, మా అమ్మ పోసిన అంబలి తాగి, పిల్లాణ్ణి నా ఒళ్ళో పడేసి, నా జడలు విప్పి మళ్ళీ అల్లేది. "ఏటి పాపా, ఇది జుత్తా, పీచా? మీ అమ్మకి నూనె కరువొచ్చినాదా?" అని రోజూ అదే మాట. నాకు పదేళ్ళుంటాయి. ఆమె చేతులకి చేపల వాసన ఉండేది, అయినా ఇంట్లో ఎవరు జడ వేసినా ఒప్పుకునేదాన్ని కాదు.

ముందు గదిలో అద్దెకుండే ఆయన్ని ఊరంతా గాలి మాస్టారనేది. ఆయన ఏ బళ్ళోనూ మాస్టారు కాదు. ఊరి చివర వాతావరణం చూసే చిన్న ఆఫీసు ఉండేది, దానికి ఆయనొక్కడే. కర్నూలు వైపు మనిషి. వాన మొహం సరిగ్గా ఎరగని చోటునించి వచ్చినవాడు మాకు తుఫాను చెప్తాడా అని మావాళ్ళ వెటకారం. ఆయన మాత్రం ఎండనకా వాననకా పొద్దున్న ఎనిమిదిన్నరకి వాన గొట్టంలో నీళ్ళు కొలిచేవాడు, గాలికి తిరిగే గిన్నెల్ని చూసేవాడు, పాదరసం ఎక్కడుందో రాసుకునేవాడు, సైకిలెక్కి ఆ అంకెల్ని టెలిగ్రాముగా పంపి వచ్చేవాడు. ఆయన రాగానే మామ్మ అరుగు మీంచి మొదలుపెట్టేది.

"ఏటి మాస్టరూ, ఇయాళ కొబ్బరి ఆరేసుకోవచ్చా?"

"అక్కడక్కడా జల్లులు పడే అవకాశం ఉందమ్మా."

"అక్కడక్కడా అంటే ఎక్కడ? మా పెరడు అందులో ఉన్నాదా, నేదా?"

"అంత కచ్చితంగా చెప్పలేమమ్మా."

"సెప్పనేకపోతే మరి రోజూ ఆ గొట్టంలోకి సూడ్డమెందుకు?"

ఆయన నవ్వి గదిలోకి పోయేవాడు. మామ్మ గొణుక్కుంటూనే కొబ్బరి ఆరేయించేది, వాన పడితే ఆయన్ని తిట్టేది, పడకపోయినా తిట్టేది. అవకాశం అన్న మాట ఆవిడకి గొంతులో ముల్లు. అవునో కాదో చెప్పలేనివాడు నోరెందుకు విప్పాలి అనేది. నిజం చెప్పాలంటే నాకూ ఆ రోజుల్లో ఆయన మీద విసుగే.

గాలికాయ గురించి ఇక్కడ చెప్పాలి, లేకపోతే మిగతాదేదీ అర్థం కాదు. మా ఊళ్ళో చెట్టెక్కి దింపిన కాయ తోటవాళ్ళది. గాలికి రాలిన కాయ మాత్రం తోటవాళ్ళది కాదు, ఎవరు ముందు చెయ్యి వేస్తే వాళ్ళది. అదే గాలికాయ. తోటలేని వాళ్ళకి దేవుడు గాలి రూపంలో ఇచ్చేది అని మా మామ్మకి వాళ్ళత్తగారు చెప్పిందట. మామూలు రోజుల్లో అదేముంది, నాలుగు కాయలు. పెద్దగాలి వచ్చిందంటే మాత్రం తోట నిండా కాయే. ఏరుకుని ఒక చోట కుప్ప పోసి పైన తువ్వాలో చీరపేలికో కప్పితే చాలు, ఆ కుప్ప జోలికి ఇంకెవరూ రారు. దానితో ఒక కుటుంబానికి నెలల తరబడి గడిచిపోయేది, కాయ అమ్ముకుంటే తిండి, పీచు తీస్తే పని. అందుకని గాలి ఆగీ ఆగగానే పేట పేటంతా తోటల్లోకి పరిగెత్తేది. ఆలస్యంగా వెళ్ళినవాడికి మట్టలు మిగిలేవి.

గాలి మాస్టారు మూడుసార్లు తుఫానని చెప్పాడు. మూడుసార్లూ రేకు గరాటా పట్టుకుని పేటంతా తిరిగి, గొంతు పోయేలా అరిచి, జనాన్ని బళ్ళోకి చేర్చాడు. మూడుసార్లూ అది ఉత్తరానికి తిరిగి ఒరిస్సా పోయింది. బళ్ళో బల్లల మీద పొద్దల్లా కూర్చుని, చద్దన్నాలు తిని, దోమలు కుట్టించుకుని, పొడి ఎండలో ఇళ్ళకి పోతూ జనం ఆయన్ని ఆడుకున్నారు. "ఏటి మాస్టరూ, నీ తుఫాను ఒరిస్సాకి టికెట్టు కొనీసుకున్నాదా?" అని ఎర్రయ్య అడిగితే ఆయన కూడా నవ్వాడు. రాకపోవడం మంచిదే కదయ్యా అన్నాడు. ఆ మాట ఎవరికీ రుచించలేదు. వేట మానుకుని కూర్చున్నవాడికి, తుఫాను రాకపోతే కడుపు మండుతుంది. ఇప్పుడు తలుచుకుంటే ఆ జనం మీద కోపమూ వస్తుంది, వాళ్ళది తప్పనడానికి నోరూ రాదు.

నాలుగోసారి చెప్పినప్పుడు అసలెవరూ కదలకపోదురు. మామ్మ మాత్రం ఆ పొద్దున్న ఆకాశం వైపు చూసి ఏమనుకుందో, ఇంటికి తాళం వేసి, అందరినీ వెంటబెట్టుకుని బడికి నడిచింది. ఆవిడ వెళితే ఊరు వెళ్ళినట్టే. మాస్టారు బడి గుమ్మంలో నిలబడి చెయ్యవలసినవీ చెయ్యకూడనివీ కాగితం చూసి చదివాడు. నీళ్ళు కాచుకోవాలి, తెప్పలు పైకి లాక్కోవాలి, తాటాకు ఇళ్ళలో ఎవరూ ఉండకూడదు, ఇలా పదకొండో పన్నెండో చదివాడు. మధ్యలో గాలి ఆగితే బయటికి రావద్దన్నది అందులో తొమ్మిదోది. తొమ్మిదో మాట దాకా వినే ఓపిక ఎవరికుంటుంది? నేనే వినలేదు. నూకాలప్ప పిల్లాణ్ణి నా ఒళ్ళో వేసి నా జడలు అల్లుతోంది.

గాలి ఈశాన్యంనించి వచ్చింది. ఆ చప్పుడు గురించి నేను రాయను, విన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు, విననివాళ్ళకి చెప్పినా తెలీదు. పొద్దెక్కాక, అందరం అలిసిపోయి గోడలకి చేరగిలబడ్డాక, అది ఒక్కసారి ఆగిపోయింది. కిటికీలోంచి ఎండ వచ్చింది. బడి చుట్టూ మా తోటే. నేల కనపడకుండా కాయ. మొదట ఎవరు లేచారో తెలీదు, ఒకరు లేచేసరికి పదిమంది లేచారు. మాస్టారు గుమ్మానికి చేతులడ్డం పెట్టి, "ఇది అయిపోవడం కాదు, ఇంకో గాలి ఉంది, నా మాట వినండి," అని బతిమాలాడు. ఆయన్ని తోసుకుంటూ పోయారు. కళ్ళజోడు కింద పడింది. ఎర్రయ్య మాత్రం వెనకాడాడు. ఆయనకి మాస్టారంటే కొంచెం గురి. నూకాలప్ప అతని భుజం మీద పొడిచింది. "ఎల్లవేటి? అందరూ ఎల్లిపోనారు. మనకి మట్టలు మిగుల్తాయి." అప్పుడు ఎర్రయ్య వంగి, కళ్ళజోడు తీసి మాస్టారి చేతిలో పెట్టి, "ఇప్పుడే వచ్చీత్తాను బాబూ," అని వెళ్ళాడు.

రెండో గాలి నైరుతి నుంచి వచ్చింది. మొదటి గాలికి వేళ్ళు కదిలి నిలబడ్డ చెట్లన్నీ ఇప్పుడు అవతలి పక్కకి వాలిపోయాయి. దగ్గర్లో ఉన్నవాళ్ళు పరిగెత్తుకొచ్చారు. ఎర్రయ్య రాలేదు. ఆలస్యంగా బయల్దేరాడు కదా, దగ్గర కాయ దొరకదని దూరం తోటకి పోయాడు. సాయంత్రం అక్కడే రెండు చెట్ల కింద దొరికాడు. పక్కన పెద్ద కుప్ప, దాని మీద కదలకుండా నాలుగు కాయలు బరువు పెట్టి పరిచిన తువ్వాలు. ఆ కుప్పలో ఒక్క కాయ ఎవరూ ముట్టుకోలేదు. తువ్వాలుంది కనక ఎర్రయ్యదే అని మర్నాడు మగవాళ్ళు మోసుకొచ్చి నూకాలప్ప గుమ్మంలో పోశారు. ఇంత న్యాయం తెలిసిన జనానికి, గుమ్మం దాటొద్దన్న చిన్న మాట ఎందుకు తలకెక్కలేదో నాకు ఈనాటికీ అర్థం కాదు.

నూకాలప్ప నా జడలు అల్లడం మానేసింది. వచ్చేది, బుట్ట దింపేది, "నానే పొడిసి పంపినాను," అని మా అమ్మతో ఒకసారి అనేది, వెళ్ళిపోయేది. మాస్టారి సంగతీ అంతంతమాత్రమే. తినడం తగ్గిపోయింది. "తొమ్మిదోదిగా చెప్పానమ్మా. మొదట చెప్పాల్సిన మాట తొమ్మిదోదిగా చెప్పాను," అని మామ్మతో అన్నాడు. తరవాత ఆయనకి ఒక పిచ్చి పట్టుకుంది. మా ఇంటి తిరగలిని పెరట్లో పెట్టి, వచ్చిన ప్రతి మనిషినీ కూర్చోబెట్టి తిప్పి చూపించేవాడు. ఇదిగో, నడుమ కర్ర దగ్గర పెట్టిన గింజ కదలదు, అదే గాలి ఆగిన చోటు. ఈ అంచు ఇటు పోతుంటే ఆ అంచు అటు పోతోంది చూడు, అందుకే రెండో గాలి ఎదురు దిక్కునించి వస్తుంది. నాకు సైన్సు మీద ఇష్టం పుట్టింది ఆ తిరగలి దగ్గరే. నూకాలప్పని కూడా కూర్చోబెట్టాడు. ఆమె గుడ్లప్పగించి అంతా చూసింది.

"అర్థమైందామ్మా?"

"అయినాది బాబూ. నడుమున ఆగుతాది, మళ్ళీ తిరిగొత్తాది."

"మరి ఈసారి బయటికి వెళ్ళవు కదా?"

"నాను ఎల్లకపోతే పక్కోలు ఎల్లకుండా ఉంతారేటి బాబూ? ఇద్దరు పిల్లలు. మా ఆయన కూడా నేకపోనాడు."

మాస్టారు తిరగలి మీంచి చెయ్యి తీసేశాడు. ఆ తరవాత ఇంకెవరికీ తిప్పి చూపించలేదు. నేరుగా మామ్మ దగ్గరికి వెళ్ళాడు. మీ గాలికాయ మాట ఉన్నన్నాళ్ళూ నా మాట ఎవరూ వినరమ్మా, అన్నాడు. మామ్మకి కోపం వచ్చింది. లేనోళ్ళ నోటికాడ కూడు తీసీమంటావా, అది మా అత్త పెట్టిన మాట, తియ్యడానికి నానెవర్ని అంది. తియ్యొద్దమ్మా, వేళ మార్చండి, అన్నాడాయన. మామ్మ వక్కపెట్టె మూసి లోపలికి వెళ్ళిపోయింది. ఆవిడ అలా పెట్టె మూసిందంటే మాట అయిపోయినట్టే. మళ్ళీ గాలుల కాలం వచ్చేదాకా వాళ్ళిద్దరూ కొబ్బరి ఆరేసుకోవచ్చా అన్న మాట తప్ప ఇంకో మాట మాట్లాడుకోలేదు. ఇద్దరు పెద్దవాళ్ళు, ఒకే ఇంట్లో, ఒకరి మీద ఒకరు మూతి ముడుచుకుని. చూసేవాళ్ళకి విసుగు.

మళ్ళీ మాస్టారు గరాటా పట్టుకున్నాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు, పొద్దున్నే బడి నిండిపోయింది. అందరికంటే ముందు వచ్చింది నూకాలప్ప. నెత్తి మీద గంజికుండ లేదు, బట్టల మూట లేదు. రెండు ఖాళీ బుట్టలు, ఒకదాంట్లో ఇంకోటి, పైన ఎర్రయ్య తువ్వాలు మడతపెట్టి ఉంది. మామ్మ చూసింది.

"బుట్టలెందుకే నూకాలూ?"

"ఎందుకేటమ్మగోరూ, మీకు తెలదా?"

మామ్మ ఆ తువ్వాలు వైపు చాలాసేపు చూసింది. గాలి మొదలై, హోరెత్తి, సగం పొద్దు గడిచింది. చప్పుడు తగ్గుతున్నట్టు అనిపించగానే లేచి, హెడ్మాస్టరు ఎత్తుపీట ఈడ్చుకెళ్ళి గుమ్మానికి అడ్డంగా వేసి, దాని మీద కూర్చుంది. గాలి ఆగిపోయింది. ఎండ వచ్చింది. బయట నేల నిండా కాయ. నూకాలప్ప బుట్ట చంకన పెట్టుకుని లేచింది. ఆమె వెనక ఇంకా చాలామంది లేచారు.

మామ్మ గొంతు పెంచలేదు. "ఇనండి. ఇప్పుడు ముట్టుకున్న కాయ నాది. ఎవులు ఏరినా నా ఇంటికి మొయ్యాల. రెండో గాలెల్లిపోనాక ముట్టుకున్న కాయ మీది. మీ ఇట్టం." మూల కూర్చున్న మిగతా ఇద్దరు తోటవాళ్ళ వైపు చూసింది. వాళ్ళు తలలూపారు. మాస్టారు గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు.

తరవాత వెనకనించి ఒకడు, "ఏరి ఆళ్ళింటికి మొయ్యడానికి మనకేటి పిచ్చా?" అని కూర్చున్నాడు. ఒకడు కూర్చునేసరికి అందరూ కూర్చున్నారు. చావు ఉంది బయట అని ఒకాయన ఏడాదిపాటు మొత్తుకుంటే లెక్కచెయ్యని జనం, కాయ పోతుందంటే బుద్ధిగా మఠం వేసుక్కూర్చున్నారు. నాకు ఆ వయసులోనే వీళ్ళ మీద అసహ్యం, నవ్వు, ఏడుపు మూడూ వచ్చాయి. నూకాలప్ప ఒక్కతే నిలబడి ఉంది, బుట్ట చంకలో అలాగే ఉంది. బయట కాయ వైపు కాదు, మామ్మ వైపు చూస్తోంది. ఇంతలో నైరుతి గాలి వచ్చి బడి గోడకి కొట్టుకుంది. తలుపు వేసి అడ్డుకర్ర పెట్టాక, ఆ హోరులో ఆమె మామ్మ చెవి దగ్గరికి వంగి అన్న మాట పక్కనే ఉన్న నాకు వినపడింది.

"ఈ మాట ఆ గాలప్పుడే సెప్పుంటే మా ఎర్రయ్య కూకునీవోడమ్మగోరూ."

మామ్మ తలదించుకుంది. ఆ రోజు తప్ప మామ్మ తలదించుకోవడం నేను చూడలేదు. గాలి వెలిశాక ఊరంతా తోటల్లో పడ్డారు, ఎవరికీ చిన్న గీత కూడా పడలేదు. మాస్టారికి ఆ తరవాత బదిలీ అయింది. వెళ్ళేటప్పుడు రేకు గరాటా మాకిచ్చి వెళ్ళాడు. మా అమ్మ దాన్ని నూనె పోసుకోడానికి వాడింది. మా ఇంట్లో ఏ వస్తువుకీ గౌరవం లేదు.

ఇదంతా షెల్టరులో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని తలుచుకున్నాను. సమావేశం అయ్యాక, జనం ఇంకా లేవకముందే, ఆ తువ్వాలు మనిషి దగ్గరికి వెళ్ళాను.

"నువ్వు ఎవరి అబ్బాయివి?"

"నూకాలు కొడుకునమ్మా. దానేసుని. నన్ను మీరు ఎత్తుకునీవోరట."

అవును, జడలు వేయించుకుంటూ ఒళ్ళో మోసినవాడే. నూకాలప్ప పోయి చాలా ఏళ్ళయింది, మా ఉద్దానంలో ఇంకా ఎంతోమందికి లాగే కిడ్నీల జబ్బు. మామ్మ అంతకు ముందే పోయింది. తోటలు పంచుకున్నాం, అందరం ఊళ్ళొదిలాం, కాయ కౌలుదార్ల చేతుల్లోకి పోయింది. వాళ్ళమ్మ నోట విన్న దానేసుకి తప్ప మామ్మ మాట ఎవరికీ గుర్తులేదు. ముందు చెయ్యి వేసినవాడిదే కాయ అన్నది మాత్రం అందరికీ గుర్తుంది. "ఆ మధ్య గాలికి నడుమున ఆగగానే నా కొడుకు పరిగెత్తినాడమ్మా. కాయకెల్లినాడో, ఫోన్లో ఈడియో తీడానికెల్లినాడో తెల్దు. సొక్కా పట్టుకుని ఈడ్సుకొచ్చినాను. ఈసారి నాకు అందుతాడో నేదో. ఈ షెల్టర్ సుట్టూ మీ వాటా తోటే. రెండో గాలి దాకా కాయ ఎవులిదో మీరు సెప్పాల."

ఇన్నాళ్ళుగా పక్కింటావిడ మీదా ఫోన్ల మీదా ఈ జనం మీదా విసుక్కున్నాను కదా, కౌలు కాగితం మీద సంతకం పెట్టినప్పుడు ఆ ఒక్క ముక్క నాకు గుర్తు రాలేదు. గుర్తు రానందుకు సిగ్గేసింది. అక్కడే నిలబడి పలాసలో ఉన్న కౌలుదారుకి ఫోన్ చేశాను. రాలిన కాయంతా నాదే కదా మేడమ్ అని మొదలుపెట్టాడు. రెండో గాలి దాకా నీదే నాయనా, ఎవడు ఏరినా నీ బండికే ఎక్కిస్తాను, తరవాత రాలి ఉన్నది ఊరిది, ఇష్టం లేకపోతే వచ్చే ఏడు తోట ఇంకొకళ్ళకిస్తాను అన్నాను. కాసేపు నసిగి ఒప్పుకున్నాడు. హారిక అంతా విని, పుస్తకంలో రాసుకుని, ఇది ఎన్నో మాటగా చెప్పాలి మేడమ్ అని అడిగింది. మొదటిది అన్నాను. ఆ పిల్ల మళ్ళీ మైకు పట్టుకుని, తన బొమ్మలన్నీ పక్కనపెట్టి, ముందు కాయ మాట చెప్పింది. పొద్దుటినించీ మొదటిసారి జనం తలలెత్తి చూశారు. ఆ బొమ్మలు చూపించినప్పుడు ఒక్కడైనా చూడలేదు. ఏం చెయ్యాలి వీళ్ళని?

పనయిపోయిందనుకుని జీపెక్కబోతుంటే దానేసు మళ్ళీ అడ్డం వచ్చాడు.

"ఫోన్లో సెప్పీసినారు, మైకులో సెప్పీసినారు. బాగున్నాది. గుమ్మం కాడ ఎవులు కూకుంటారు?"

నాకు మోకాళ్ళ నొప్పులు, బీపీ మాత్రలు, ఇంట్లో మొక్కలకి నీళ్ళు పోసే దిక్కు లేదు, ఈ వయసులో తుఫానుకి ఎదురొచ్చి కూర్చోమంటావా అని కసిరాను. "మీ మామ్మగోరికి అప్పుడెంతుంతాయమ్మా?" అన్నాడు. లెక్క వేశాను. నాకంటే రెండేళ్ళు పెద్ద.

రేపు పొద్దున్నే జీపొస్తుంది. మాత్రలూ, రెండు చీరలూ, మరచెంబూ సర్దుకున్నాను. ఎత్తుపీట మీద కూర్చోలేను, చేతులున్న కుర్చీ కావాలి, అది కూడా గుమ్మానికి సరిగ్గా అడ్డం పట్టేది చూడమని దానేసుకి ఇప్పటికి రెండుసార్లు ఫోన్ చేశాను. అలగే అలగే అన్నాడు. తెచ్చి పెడతాడో లేదో, ఆ ఊళ్ళో చెప్పిన మాట వినేదెవరు.